భాషకు పేరు పెట్టేదెవరు?

మాసిడోనియా అనగానే మనకు గుర్తొచ్చేది అలెగ్జాండర్. జీలం నది ఒడ్డు, పురుషోత్తముడితో యుద్ధం, బడి పుస్తకంలో గుర్రం మీది బొమ్మ. పాఠం అక్కడితో సరి. ఆ పేరు పెట్టుకున్న దేశం ఒకటి ఇప్పటికీ ఉందని, అక్కడి జనం మాట్లాడే భాషను మాసిడోనియన్ అంటారని, ఆ భాష ఉందా లేదా అన్న పేచీ ఇంకా తెగలేదని తెలిసినవాళ్లు తక్కువ.

భాష ఉందా లేదా అనే పేచీ ఏమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఉత్తర మాసిడోనియాలో 2021 లెక్కల ప్రకారం జనాభా 18 లక్షల పైచిలుకు. పాత అనంతపురం జిల్లా జనాభాలో సగం కూడా కాదు. వారిలో నూటికి 60 మందికి ఇంటి భాష మాసిడోనియనే. ఆ భాషలో బడులున్నాయి, విశ్వవిద్యాలయం ఉంది, పత్రికలున్నాయి, కోర్టు తీర్పులు వస్తున్నాయి. అయినా తూర్పున ఉన్న బల్గేరియా ‘అది మా భాషే, మీరు వేరే పేరు పెట్టుకున్నారు’ అంటోంది. దక్షిణాన ఉన్న గ్రీస్ ‘భాష మీదే కావచ్చు, పేరు మాత్రం మాది’ అని పాతికేళ్లకు పైగా పట్టుబట్టింది. ఒకరికి భాషతో తకరారు, మరొకరికి పేరుతో తకరారు. మధ్యలో నలిగింది మాట్లాడేవాళ్లు.

సరిహద్దు మీద బతికేవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. హోసూరు తెలుగు విని ‘ఇదేం తెలుగు?’ అని నవ్వేవాళ్లను, బళ్లారి తెలుగులో కన్నడం లెక్కపెట్టేవాళ్లను చూసినవాళ్లే అంతా. అందుకే ఈ దూరపు భాష సంగతి ఒకసారి తెలుసుకోవడం అవసరం.

అలెగ్జాండర్ భాష కాదిది

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. అలెగ్జాండర్ చనిపోయింది క్రీ.పూ.323లో. ఇప్పటి మాసిడోనియన్‌కు మూలమైన స్లావు భాష మాట్లాడే జనం ఆ ప్రాంతానికి వచ్చింది క్రీ.శ. 6, 7 శతాబ్దాల్లో. నడుమ తొమ్మిది వందల ఏళ్ల ఎడం ఉంది. నేల పేరు పాతది, భాష తర్వాత వచ్చింది. నేల పేరే జనానికి, వాళ్ల మాటకు అంటుకుంది. లోకంలో చాలాచోట్ల జరిగిందే ఇది.

స్కోప్యే పాలకులు కొన్నాళ్లు ఈ తేడాను కావాలనే చెరిపేయాలని చూశారు. 2011లో రాజధాని నడిబొడ్డున గుర్రం మీద యోధుడి భారీ విగ్రహం నిలబెట్టారు. పేరు చెప్పకపోయినా అది ఎవరిదో చిన్నపిల్లలకూ తెలుసు. గ్రీస్ కోపానికి అది ఆజ్యం పోసింది. బతికున్న భాషకు కాంస్య విగ్రహం అండ అవసరమా? ఆ అప్పు తెచ్చుకున్న గొప్ప వల్ల భాషకు మేలు జరగలేదు సరికదా, శత్రువుకు వాదన దొరికింది.

ఇది దక్షిణ స్లావు భాష. బల్గేరియన్‌కు బాగా దగ్గర, సెర్బియన్‌కు చుట్టం. సంస్కృతం పుట్టిన పెద్ద కుటుంబంలోనిదే కనుక మనకు తెలిసిన మాటలు అక్కడక్కడ తొంగిచూస్తాయి. రెండును ‘ద్వా’ అంటారు, మూడును ‘త్రి’ అంటారు. నిప్పు ‘ఓగన్’, అంటే మన అగ్నికి దూరపు చుట్టం. ప్రాణంతో ఉన్నవాడు ‘జివ్’.

వాళ్లకూ ఒక ‘అట’ ఉంది

పదాల కన్నా వాక్యం నడక దగ్గర తెలుగువాళ్లకు ఆశ్చర్యం ఎక్కువ. తాను కళ్లారా చూస్తే మాసిడోనియన్ మనిషి ‘తోయ్ దోయిదే’ అంటాడు. వాడు వచ్చాడు అని. ఎవరో చెబితే విని చెప్పేటప్పుడు ‘తోయ్ దోషొల్’ అంటాడు. అంటే, వాడు వచ్చాడట. ఇంగ్లిషులో ఈ తేడా చెప్పడానికి అదనంగా నాలుగు మాటలు కావాలి. మనకు ఒక్క ‘ట’ చాలు. వాళ్లకు క్రియ రూపం మారితే చాలు. చూసినదానికీ విన్నదానికీ తేడా పాటించడం ఆ భాష నేర్పే మొదటి మర్యాద.

ఇంకో విశేషం. పుస్తకాన్ని ‘క్నిగా’ అంటారు. ఫలానా పుస్తకం అయితే ‘క్నిగాతా’. దగ్గరున్న ఈ పుస్తకం ‘క్నిగావా’. దూరాన ఉన్న ఆ పుస్తకం ‘క్నిగానా’. మనం ముందు పెట్టే ‘ఈ’, ‘ఆ’లను వాళ్లు పదం చివర తగిలిస్తారు. మిగతా స్లావు భాషల్లో నామవాచకాలకు విభక్తుల గొలుసు ఉంటుంది. మాసిడోనియన్, బల్గేరియన్ ఆ గొలుసును దాదాపు వదిలించుకున్నాయి.

ఈ మార్పులకు కారణం పొరుగు. గ్రీకు, అల్బేనియన్, రుమేనియన్, బల్గేరియన్, మాసిడోనియన్ అన్నీ ఒకే కొమ్మ భాషలు కావు. అయితే శతాబ్దాల తరబడి ఒకే సంతలో బేరాలాడి, ఒకే వీధిలో కాపురాలు చేసి, వాక్యం కట్టే తీరులో ఒకదాన్నొకటి పోలిపోయాయి. బాల్కన్ భాషల మీద జరిగిన ఇలాంటి పరిశోధనల బాటలోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమెనో 1956లో మన దేశం మొత్తాన్నీ ఒక ‘భాషా ప్రాంతం’గా చూపారు. ద్రావిడ, ఆర్య, ముండా భాషలు కుటుంబాలు వేరైనా కలిసి బతికి అలవాట్లు పంచుకున్నాయన్నారు.

అందుకు అందరూ చెప్పే ఉదాహరణ మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కుప్వాడ్. కన్నడం, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాళ్లతో పాటు తెలుగు కుటుంబాలూ ఉన్న ఊరు. 1971లో గంపర్జ్, విల్సన్ అనే పండితులు ఆ ఊరి మాటల మీద రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. పదాలు ఎవరివి వారివే గానీ వాక్యం అచ్చు దాదాపు ఒకటేనని వాళ్లు తేల్చారు. సరిహద్దు మాటను కల్తీ అని వెక్కిరించేవాళ్లు తెలుసుకోవలసింది ఇదే. భాషలు కలిసేచోట జరిగే సహజమైన పని అది. బాల్కన్‌లోనూ అంతే, బళ్లారిలోనూ అంతే.

బడి ఒకరిది, ఇల్లు ఒకరిది

1913లో బాల్కన్ యుద్ధాలు ముగిశాక మాసిడోనియా ప్రాంతాన్ని పంచుకున్నారు. దాదాపు సగం గ్రీస్‌కు, మూడో వంతుకు పైగా సెర్బియాకు, మిగిలిన చిన్న ముక్క బల్గేరియాకు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటే. బడిలో మాత్రం ఒకచోట గ్రీకు, ఒకచోట సెర్బియన్, ఒకచోట బల్గేరియన్. సెర్బియా కింద ఉన్న భాగాన్ని ‘దక్షిణ సెర్బియా’ అన్నారు. 1941లో బల్గేరియా సైన్యం వచ్చాక అదే బడిలో బోర్డు మారింది, భాష మారింది. పిల్లల నోటి మాట మాత్రం దేనికీ పనికిరానిదిగానే మిగిలింది.

ఆ నోటి మాటనే రాత భాష చేయాలని 1903లోనే అన్నవాడు క్రిస్తె మిసిర్కోవ్. పురాతన పెల్లా, అంటే అలెగ్జాండర్ పుట్టిన చోటు పక్కనున్న పల్లెలో జన్మించాడు. ‘మాసిడోనియా సంగతులు’ అనే అర్థం వచ్చే పుస్తకం సోఫియాలో అచ్చువేశాడు. దేశం నడుమ ఉన్న మాండలికాన్ని ఆధారం చేసుకోవాలన్నాడు. ప్రతుల్లో చాలాభాగం జనానికి చేరకముందే నాశనమయ్యాయి. తర్వాత ఆయనే వేరే మాట రాసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఆయన వేసిన బాట చెరగలేదు.

1939లో కోచో రాత్సిన్ అనే కవి తన చిన్న కవితల పుస్తకాన్ని సొంత ఊళ్లో కాక ఎక్కడో క్రొయేషియాలోని సామొబోర్‌లో అచ్చేయించుకోవాల్సి వచ్చింది. పేరు ‘బేలి ముగ్రి’, అంటే తెల్లని వేకువలు. అందులో పొగాకు కూలీల కష్టం ఉంది. కుమ్మరి పని నేర్చిన ఇంటి బిడ్డ, ఇంటి మాటలోనే రాశాడు. నాలుగేళ్లకు యుద్ధకాలంలో చనిపోయాడు. తన భాషకు ప్రభుత్వ గుర్తింపు రావడం ఆయన చూడలేదు.

ఆ గుర్తింపు 1944 ఆగస్టు 2న వచ్చింది. యుద్ధం ఇంకా ముగియలేదు. ప్రొహోర్ ప్చిన్‌స్కి అనే మఠంలో సమావేశమైన ప్రతినిధులు మాసిడోనియన్‌ను అధికార భాషగా ప్రకటించారు. ఆ మఠం ఇప్పుడు సెర్బియా హద్దులో ఉండడం కొసమెరుపు. అక్టోబరు 29న ‘నోవా మాకెదోనియా’ పత్రిక మొదటి సంచిక వచ్చేసింది. అప్పటికి అక్షరమాల కూడా ఖరారు కాలేదు!

అక్షరాల మీద పెద్ద వాగ్వాదమే జరిగింది. బల్గేరియన్‌లో ఉండే ఒక అచ్చును ఉంచాలా తీసేయాలా అన్న దగ్గర సంఘం రెండుగా చీలింది. ఒక్క అక్షరానికి అంత గొడవా అనుకోవచ్చు. ఆ అక్షరం ఉంటే బల్గేరియాకు దగ్గర, లేకపోతే దూరం. రాజకీయం అక్షరం దాకా దిగింది. చివరకు దాన్ని వదిలేసి 31 అక్షరాల మాలను 1945 మే 5న ఆమోదించారు. మే 5 ఇప్పుడు వాళ్ల భాషా దినోత్సవం. ఒక ధ్వనికి ఒక అక్షరం, పలికినట్టే రాత.

ఆ పనిలో ముందున్న బ్లాజె కొనెస్కికి అప్పుడు 23 ఏళ్లు. ప్రిలెప్ దగ్గరి పల్లెవాడు. 1952, 1954లలో రెండు భాగాలుగా వ్యాకరణం రాశాడు. 1961 నుంచి 1966 వరకు మూడు సంపుటాల నిఘంటువు ఆయన పర్యవేక్షణలో వెలువడింది. వ్యాకరణంతో సరిపెట్టకుండా కవిత్వం, కథలు రాశాడు. నియమం చెప్పి ఊరుకోలేదు, వాడి చూపించాడు. ఓహ్రిద్ సరస్సు ఒడ్డున స్ట్రుగాలో ఏటా జరిగే కవితోత్సవానికి ప్రపంచ కవులు వస్తారు. 1983లో అక్కడి ‘స్వర్ణ మాల’ అందుకున్నది మన హిందీ కవి అజ్ఞేయ.

కాదనేవాళ్ల మాట

బల్గేరియా వాదనను కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆ వాదనకు ఆధారాలున్నాయి. సోఫియా నుంచి ఓహ్రిద్ దాకా ఊరూరా మాట కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. ఇదిగో ఇక్కడ ఒక భాష ముగిసింది అని గీత గీయడానికి చోటు లేదు. స్ట్రుగాకు చెందిన మిలాదినోవ్ సోదరులు 1861లో సేకరించి అచ్చేసిన పాటల సంపుటికి వాళ్లే పెట్టిన పేరు ‘బల్గేరియన్ జానపద గీతాలు’. 19వ శతాబ్దంలో చాలామంది తమ మాటను బల్గేరియన్ అనే అన్నారు. 1944 తర్వాత యుగోస్లావియా పాలకులకు బల్గేరియాకు భిన్నమైన భాష ఉండడం రాజకీయంగా అవసరమైంది. ఇవన్నీ నిజాలే.

అయితే ఆ నిజాల నుంచి ‘ఆ భాష లేదు’ అన్న ముగింపు ఎలా వస్తుంది? తాతలు ఒక పేరు పెట్టుకున్నారు కనుక మనవలు ఇంకో పేరు పెట్టుకోకూడదా? రాజకీయం సాయం లేకుండా ప్రమాణ భాషగా నిలబడ్డది ఏదైనా ఉందా? గ్రంథాలయం, బడి, అచ్చు యంత్రం, జీతం ఇచ్చే సర్కారు వెనక లేకుండా ఏ భాషకూ పాఠ్యపుస్తకం రాలేదు. బల్గేరియన్‌కూ రాలేదు. పైగా మాసిడోనియన్‌లో ఇప్పటికి మూడు తరాల పిల్లలు చదువుకున్నారు. నాయనమ్మ ప్రేమలేఖ రాసిన భాషను మనవడి దగ్గరకు వచ్చి ‘అది నిజంగా లేదు’ అంటే వాడు ఏమనాలి?

అయినా ఆ మాటే అన్నారు. 1992 జనవరిలో మాసిడోనియా స్వాతంత్ర్యాన్ని మొట్టమొదట గుర్తించింది బల్గేరియానే. దేశాన్ని గుర్తించింది, భాషను గుర్తించలేదు. ఒప్పందాల మీద సంతకాలకు ఏ భాష పేరు రాయాలో తేలక ఏళ్ల తరబడి కాగితాలు ఆగాయి. 1999లో ఒక తెలివైన దారి కనిపెట్టారు. ‘రాజ్యాంగం ప్రకారం మాసిడోనియన్ భాష’ అని రాసుకున్నారు. 2020 నవంబరులో మళ్లీ మొదటికొచ్చింది. ఐరోపా యూనియన్‌లో చేరిక చర్చలకు బల్గేరియా అడ్డుపడింది. అందులో భాష పేచీ ముఖ్యమైనది. 2022లో షరతులతో దారి వదిలినా, భాష విషయంలో తన మాట తనదేనని విడిగా రాసిపెట్టింది.

అచ్చయినా బడికి చేరని పుస్తకం

గ్రీస్ కథ ఇంకా చేదు. నానాజాతి సమితికి ఇచ్చిన మాట ప్రకారం ఆ ప్రభుత్వం 1925లో స్లావు మాట్లాడే పిల్లల కోసం ఒక వాచకం అచ్చువేసింది. పేరు ‘అబెసెదార్’. రోమన్ లిపిలో, అక్కడి ఊళ్ల మాండలికంలో ఉంది. ఇది బల్గేరియన్‌లో ఎందుకు లేదని బల్గేరియా, సెర్బియన్‌లో ఎందుకు లేదని సెర్బియా గొడవపెట్టాయి. పిల్లల మాటలోనే ఉండడం అందరికీ తప్పుగా కనిపించింది. పుస్తకం ఏ బడికీ చేరలేదు. మరుసటి ఏడు ఊళ్ల స్లావు పేర్లు మార్చారు. 1936లో నియంత మెటాక్సాస్ వచ్చాక నలుగురిలో ఆ మాట ఆడడమే నేరమైంది. అంతర్యుద్ధం కాలంలో, 1948లో, వేలమంది పిల్లలను సరిహద్దు దాటించారు. చాలామంది తిరిగి సొంతూరు చూడలేదు.

ఉన్నచోటే ఉండిపోయిన ముసలివాళ్లు తమ భాషకు పేరు చెప్పడమే మానేశారు. అడిగితే ‘పో నాషె’ అంటారు. ‘మన తీరు’ అని. భాషకు పేరు పెట్టే హక్కు పోతే ఏం మిగులుతుందో ఆ రెండు మాటల్లో ఉంది. భయంతో దాచుకున్న మాట మనవల దాకా రాలేదు.

విచిత్రం ఏమిటంటే, మాసిడోనియన్ అనే పేరు ఐక్యరాజ్యసమితి కాగితాల్లోకి ఎక్కింది ఏథెన్స్‌లోనే. 1977లో అక్కడ స్థలనామాల మీద జరిగిన సదస్సులో. నాలుగు దశాబ్దాల తర్వాత, 2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు ఒడ్డున రెండు దేశాలు ఒప్పందం మీద సంతకం పెట్టాయి. దేశం పేరు ‘ఉత్తర మాసిడోనియా’గా మారింది. భాష పేరు మాసిడోనియన్‌గానే ఉంది. ఆ 1977 సదస్సు ప్రస్తావన ఒప్పందంలోనే ఉంది. ఇది స్లావు భాష అని, ప్రాచీన గ్రీకు నాగరికతతో సంబంధం లేదని కూడా రాసుకున్నారు. నిజం చెప్పుకోవడం వల్ల ఎవరి గౌరవమూ తగ్గలేదు. 2022లో గ్రీస్‌లోని ఫ్లోరినా కోర్టు మాసిడోనియన్ భాషా కేంద్రం ఒకటి నమోదయ్యేందుకు అనుమతించింది. దాని మీదా రభస జరిగింది.

అడిగినవాడు ఇచ్చాడా?

ఇక్కడితో ఆపితే కథ సగమే. అందరూ తమను కాదన్నారని బాధపడిన స్కోప్యే, తన ఇంట్లో ఏం చేసింది? ఆ దేశంలో నాలుగో వంతు జనం అల్బేనియన్ మాట్లాడతారు. మదర్ థెరిసా 1910లో పుట్టింది ఈ స్కోప్యేలోనే, అల్బేనియన్ కుటుంబంలోనే. 1990లలో అల్బేనియన్లు తెతోవోలో తమ భాషలో విశ్వవిద్యాలయం పెట్టుకుంటే చట్టవిరుద్ధమన్నారు. 1995లో పోలీసులు విరుచుకుపడ్డారు. ప్రాణం పోయింది. 2001లో తుపాకులు పేలాయి. ఆ ఏడు ఆగస్టు 13న ఓహ్రిద్‌లో కుదిరిన ఒప్పందం తర్వాతే, 20 శాతం మంది మాట్లాడే భాషకు హక్కులన్న సూత్రం వచ్చింది. తెతోవో విశ్వవిద్యాలయానికి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది 2004లో.

తన భాషను గుర్తించమని లోకమంతా తిరిగి అడిగినవాళ్లు, పక్కవాడి భాషకు బడి ఇవ్వడానికి రక్తం కారేదాకా ఆగారు. మాసిడోనియన్ చరిత్రలో మనం నేర్చుకోవలసిన పాఠం ఇక్కడే ఉంది.

ఈ పాఠం మనకు మొదట చెప్పినవాడు మన సరిహద్దువాడే. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి. కొనెస్కి పుట్టకముందే జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడాడు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరే వదిలి రాజమండ్రి చేరాడు. అంతటి తెలుగు అభిమాని, పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టించి, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు. సవరలు అడిగారని చేయలేదు. తన భాష కోసం అడిగే నోరు పక్కవాడి భాషను మూయకూడదని చేశాడు.

మన రాజ్యాంగంలో 350-ఏ అధికరణం ఉంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని అది ప్రతి రాష్ట్రానికీ చెబుతుంది. హోసూరులో, రాయగడలో, సిరోంచలో తెలుగు బడి కోసం అర్జీలు పెట్టేటప్పుడు మనం చూపేది ఆ కాగితమే. మడకశిరలో కన్నడ బడికి, ఇచ్ఛాపురంలో ఒడియా బడికి పంతులు కావాలని అడిగేవాళ్లు చూపేదీ ఆ కాగితమే. ఈసారి తెలుగు సంఘం పెట్టే అర్జీలో ఆ రెండు బడుల పేర్లు కూడా చేర్చగలమా? బడికి చేరని ఆ ‘అబెసెదార్’ మనల్ని అడిగే ప్రశ్న అదే.